పసుపు సోకని చెయ్యి

మా ఆయన నా పేరు ఒక బూజుకి పెట్టాడు.

కొంతమంది మొగుళ్ళు పెళ్ళాం పేరు పడవకి పెడతారు, కొంతమంది ఆటో వెనక రాయిస్తారు. పైడిరాజు మాత్రం, ఇంకా మొగుడు కాకముందే, నందిమెట్ట గుహ గోడ మీంచి గీకి తెచ్చిన బూడిదరంగు బూజును సూక్ష్మదర్శిని కింద పెట్టి, దాని మీంచి కన్ను తీయకుండానే, "ఇది కొత్త జాతి. దీనికి వకుళ అని పేరు పెడదామనుకుంటున్నాను. మీకేమన్నా అభ్యంతరమా?" అని అడిగాడు. అందులోని అసలు ప్రశ్న నాకు అర్థం కావడానికి ఒక పూట పట్టింది. అర్థమయ్యాక మెట్ల మీద ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను. తర్వాత లోపలికెళ్ళి, "అభ్యంతరం లేదు. కానీ వకుళకి ఇంటిపేరు కూడా ఇవ్వాల్సి ఉంటుంది" అన్నాను. పాపం, చేతిలో గాజుపలక కింద పడేశాడు.

మా ప్రయోగశాల అనంతగిరి దాటాక ఒక పాత కాఫీ గోదాములో ఉంది. వాన పడితే గోడలు ఇప్పటికీ కాఫీ వాసన వేస్తాయి, నాకు అదొక పండగ. అక్కడ మేమిద్దరం, మా పైన డాక్టర్ ఇందుమతి గారు. మా పని నందిమెట్ట గుహలోని గబ్బిలాలు. పుష్యమాసం చలికి అవి గుత్తులు గుత్తులుగా వేలాడి మొద్దునిద్ర పోతాయి. ఒళ్ళు రాయంత చల్లబడుతుంది. గుండె ఎప్పుడో గుర్తొచ్చినట్టు ఒకసారి కొట్టుకుంటుంది. మళ్ళీ పురుగులు ఎగిరే కాలం దాకా ఒంట్లో దాచుకున్న కాస్త కొవ్వే వాటికి తిండి.

కిందటేడు చలికాలం గుహలోకి వెళ్ళినప్పుడు మొదటి గదిలోనే కాలికింద ఏదో మెత్తగా తగిలింది. దీపం కిందికి తిప్పితే నేలంతా చచ్చిన గబ్బిలాలు. ఒక్కోదాని ముక్కు బియ్యప్పిండిలో ముంచినట్టు తెల్లగా ఉంది. చలిదేశాల గుహల్లో లక్షల గబ్బిలాలను తినేసిన తెల్లముక్కు జబ్బు మా కొండదాకా వచ్చేసింది. ఆ తెల్లబూజు చల్లటి చర్మం మీదే పెరుగుతుంది. దురదకి గబ్బిలం నిద్రలేస్తుంది. లేచినప్పుడల్లా కొవ్వు కరుగుతుంది. బయట పురుగులుండవు. ఆకలితో తిరిగి తిరిగి రాలిపోతుంది. ఇంకా ఊపిరున్న ఒకదాన్ని రాజు చొక్కా లోపల పెట్టుకుని కొండ దిగాడు. జీపు దగ్గరికి వచ్చేసరికి అది పోయింది. ఆ పూట అతను అన్నం ముట్టలేదు.

కానీ గుహ చివరి గదిలో గబ్బిలాలు హాయిగా నిద్రపోతున్నాయి. వాటి రెక్కల మీద పలచగా ఆ బూడిదరంగు బూజు, అదే, నా పేరుది. బస్సులో తువ్వాలు వేసి సీటు పట్టుకున్నట్టు అది ముందే చర్మం మీద చోటు పట్టేస్తుంది. తెల్లబూజు వచ్చి చూసుకుని, కూర్చోడానికి చోటు లేక పోతుంది.

దాన్ని పెంచి మిగతా గబ్బిలాలకి అంటిస్తే చాలని ఎగిరి గంతేశాం. అయితే వకుళ గాజుపళ్ళేల్లో పెరిగింది గానీ, పెరిగేకొద్దీ నీరసపడిపోయింది. బతికున్న చర్మం మీద, చెమట ఉప్పు తింటూ ఉంటేనే దానికి సత్తా. ఎలుకల ఒంటికి రాస్తే నాకేసుకున్నాయి. చివరికి రాజు ఎడమ చొక్కాచెయ్యి మడిచి చాచాడు. నేను నాది చాచాను.

నెల తిరిగేసరికి వకుళ మా ముంజేతుల మీద స్థిరపడింది. దాని కింద చర్మం తెల్లబడింది. అచ్చం బొల్లిమచ్చల్లాగే. ఇంకొకటి కూడా జరిగింది. ఆ చోట వేడి తెలియడం మానేసింది. టీ గ్లాసు ఆనిస్తే బరువు తెలుస్తుంది, నునుపు తెలుస్తుంది, వేడి తెలియదు. రాజు చెయ్యి పట్టుకుంటే కూడా అంతే, గ్లాసు పట్టుకున్నట్టు. అందుకని అతను ఎప్పుడూ నా కుడివైపుకి వచ్చి నడిచేవాడు. దారిలో గొయ్యి ఉన్నా సరే, చుట్టు తిరిగి కుడివైపుకే. అలాంటి మనిషిని పెళ్ళి చేసుకోకుండా ఎలా ఉంటారు?

ఇందుమతి గారు మా చేతులు వెలుగులోకి తిప్పి చూశారు. "మందు రాస్తే బూజు చస్తుంది. మచ్చ పోతుందని, వేడి మళ్ళీ తెలుస్తుందని నేను మాటివ్వలేను. మీ ఇద్దరూ తెలిసి ఒప్పుకున్నారు కాబట్టి ఊరుకుంటున్నాను. మూడో మనిషికి అంటిందా, ఆ రోజే ఆపేస్తాను" అన్నారు.

మా పథకం తేలికే. కార్తీకంలో పెళ్ళి. పుష్యం రాకముందే, గబ్బిలాలు నిద్రకి వేలాడగానే, మా చేతుల మీంచి వకుళను కడిగి కొబ్బరినీళ్ళలో కలిపి, గుహలో మంచులా పిచికారీ చెయ్యడం. ఒక్క చలికాలం తప్పితే పైయేటికి నందిమెట్టలో గబ్బిలమన్నది మిగలదు.

*

దసరాకి రాజు వాళ్ళ ఊరెళ్ళాను, గజపతినగరం అవతల. కాబోయే అత్తగారి పేరు సింహాచలం. రాజు నాలుగేళ్ళ పిల్లాడప్పుడే మామగారు పోయారు. ఆవిడే పొలం చేసి చదివించింది. మనిషి గట్టిది, మాట ఇంకా గట్టిది.

మధ్యాహ్నం అందరూ నడుం వాల్చాక ఆవిడ తలుపు దగ్గరగా వేసి, కొంగు చాటునుంచి ఆకుపచ్చ గాజులు తీసింది.

"పెళ్ళిలో నన్ను దగ్గరికి రానివ్వరమ్మా. మా తోటికోడలే ముందుంటాది. అన్నీ అదే సేస్తాది. ఇప్పుడొక్కసారి తొడగనీ. ఎవులికీ సెప్పకు" అంది.

నా చేతికి ఎప్పుడూ కట్టి ఉంచే గుడ్డ విప్పేశాను. ఆవిడ మచ్చ చూసింది. ప్రయోగశాలలో ఏదో మందు పడిందని రాజు ముందే చెప్పి ఉన్నట్టున్నాడు, పట్టించుకోలేదు. నా చేతిని చంకలో ఇరికించుకుని, ముంజేతికి ముంజేయి ఆనించి, వేళ్ళు నొక్కి నొక్కి ఒక్కో గాజూ ఎక్కించింది. ఎంతసేపో. చివరిది ఎక్కాక గలగలలాడించి చూసుకుని, "బాగున్నాయి గదేటి!" అంది. నాకు ఆ రోజంతా ఎవరు కదిలినా గాజుల చప్పుడే వినిపించింది.

పెళ్ళి నేననుకున్నదానికన్నా బాగా జరిగింది. తలంబ్రాలప్పుడు రాజు నా దోసిట్లోవి కూడా తనే లాక్కుని పోసేశాడు. మా ఊరివాళ్ళు ఒకటే గోల. అంతకు ముందురోజు ఇద్దరికీ, ఎవరి ఇంట్లో వాళ్ళకి, పసుపు పెట్టి నలుగు రాశారు. మెడకి, భుజాలకి, రెండు చేతులకీ దట్టంగా. మా పిన్నులు నవ్వుకుంటూ రాస్తుంటే నేను చేతులు చాచి ఇచ్చాను. కొత్త బట్ట వాసన, పసుపు వాసన, వంటశాల నుంచి బూరెల వాసన. ప్రపంచంలో ఇంకేమీ గుర్తులేదు.

గుర్తుండాల్సింది ఒకటుంది. ప్రయోగశాలలో బల్లల మీద బూజు చావడానికి మేం రోజూ తుడిచేది పసుపుసారంతోనే. సీసా మీద ఎర్ర గీత కూడా ఉంటుంది. ఇద్దరం బూజుల మీద పట్టాలు పుచ్చుకున్నవాళ్ళం. పెళ్ళిపీటల మీద అది మాకు మందులా కనిపించలేదు. పసుపు, పసుపులాగే కనిపించింది.

తిరిగొచ్చాక రాజు దూదిపుల్లతో నా చెయ్యి తుడిచి, తన చెయ్యి తుడిచి, సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నాడు. ఎంతకీ లేవలేదు. వెళ్ళి భుజం మీద చెయ్యి వేస్తే అప్పుడన్నాడు, "ఒక్కటి కూడా బతికిలేదు వకుళా. ఇద్దరివీ చచ్చిపోయాయి."

"గుహ చివరి గది?"

"నిన్న నేను వెళ్ళి చూశాను. అక్కడికీ తెల్లబూజు పాకింది. గోడమీదిదీ, రెక్కలమీదిదీ ఎండిపోయింది. పళ్ళేల్లోవి ఎప్పుడో చచ్చాయి."

నేను సీసా వంక చూశాను. అతనూ చూశాడు. ముందు నాకు నవ్వొచ్చింది, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నిజంగా నవ్వొచ్చింది. తర్వాత ఇద్దరం కింద కూర్చుని ఏడ్చాం. పెళ్ళయి వారం. చేతుల మీద తెల్లమచ్చలు అలాగే ఉన్నాయి, వేడి తెలియడం లేదు. దేనికోసం పోగొట్టుకున్నామో అది మాత్రం లేదు.

*

అత్తగారు చెప్పాపెట్టకుండా వచ్చింది. అరిసెల డబ్బా, పెండలం దుంపలు, ఒక బూడిదగుమ్మడికాయ.

"ఏటమ్మా, ఫోనైనా సెయ్యకుండా వచ్చీసినావు?" అన్నాడు రాజు. తల్లిని చూస్తే అతని చదువంతా ఎటో పోయి నాలుక ఊరి దారి పడుతుంది. నాకది భలే ఇష్టం.

"కొత్త కాపరం సూడ్డానికి ఫోనెందుకురా? ఏటీ మొకాలు? దెబ్బలాడుకున్నారేటి?"

గబ్బిలాల పని చెడిందని చెప్పాం. ఆవిడ అంతా విని, "సర్లే, ముందు తిండి తినండి" అని వంటగదిలోకి వెళ్ళిపోయింది. వెనకే నేనూ వెళ్ళాను. పొయ్యి మీద అన్నం గిన్నె కుతకుతమంటోంది. గంజి వార్చడానికి ఆవిడ గుడ్డ పట్టుకుని ఒక చేత్తో అంచు పట్టింది. రెండో చేతిని, ఉత్త ముంజేతిని, గిన్నెకి ఆనించి వంచింది.

"అత్తయ్యా! కాలుతుంది!"

"ఏటే అరుస్తావు?" అంది తాపీగా. గంజి వార్చడం ఆపలేదు.

కొంగు జారింది. ముంజేతి లోపలివైపు, అరచెయ్యంత తెల్లమచ్చ. దాని చుట్టూ పలచటి బూడిదరంగు అంచు.

నేను గిన్నె లాక్కుని దింపేశాను. ఆవిడ గబుక్కున కొంగు కప్పుకుంది. అంతవరకూ గట్టిగా ఉన్న మనిషి మొహం ఒక్కసారి చిన్నపిల్ల మొహమైపోయింది.

"బొల్లమ్మా. దీపావళి కాడ్నుంచి. ఎవులికీ సెప్పనేదు. అత్తకి బొల్లంటే మీ ఓళ్ళు పిల్లనిస్తారేటి? పెళ్ళి అయిపోనీ అనీసి దాసుకున్నాను. ఇప్పుడు తెలిసిపోనాది. ఏటంటావో అను."

నేను ఆవిడ చేతిని రెండు చేతుల్తో పట్టుకుని, "రాజూ! దూదిపుల్ల! పరిగెత్తు!" అని అరిచాను.

అది బతికే ఉంది. సూక్ష్మదర్శిని కింద పెద్దపెద్ద కాడలతో, మా చేతుల మీద ఎన్నడూ లేనంత పుష్టిగా ఉంది. గాజులు తొడిగిన మధ్యాహ్నం నా చేతినుంచి దాటింది. ఆ తర్వాత పెళ్ళింట్లో పెద్దమ్మలు, పిన్నులు, పనివాళ్ళు, పక్కింటి పిల్లలు, అందరి చేతులూ పసుపుమయమైతే, ఒక్క ఆవిడ దగ్గరికే ఎవరూ పసుపు తీసుకెళ్ళలేదు. పందిరి రాట దగ్గర నిలబడి కొడుకు పెళ్ళి చూసింది. ఆ ఊళ్ళో ఆ రోజు పసుపు సోకని చెయ్యి అదొక్కటే.

రాజు బల్ల మీద తల ఆనించేశాడు. గెలిచినందుకో, తల్లిని అలా నిలబెట్టినందుకో, నేను అడగలేదు.

*

ఇందుమతి గారికి చెప్పక తప్పలేదు. వచ్చారు. మచ్చ చూశారు. సంచిలోంచి మందు గొట్టం తీసి బల్ల మీద పెట్టారు.

"ముందే చెప్పాను. మూడో మనిషి. ఆవిడకి తెలియకుండా, ఆవిడ ఒప్పుకోకుండా అంటించారు. దీనికి సైన్సు అని పేరు పెట్టకండి. ఈ రోజుతో ఆపేస్తున్నాం."

"గబ్బిలాలు నిద్రకి వేలాడుతున్నాయి మేడమ్," అన్నాను. "ఇప్పుడాపితే పైయేడు ఆపడానికి కూడా ఏమీ ఉండదు."

"తెలుసు. అయినా ఆపుతున్నాను."

ఆవిడ చెప్పింది తప్పు కాదు. అందుకే నాకు మండింది. తప్పయితే కొట్లాడటం తేలిక.

అప్పటిదాకా పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్న అత్తగారు తలెత్తింది. "ఏటి ఆపీది?"

"మీ చేతికున్నది తీసేస్తామమ్మా. మందు రాస్తే పోతుంది."

"మచ్చ పోద్దా?"

"అది... చెప్పలేను."

"మచ్చ ఉండిపోయి, బూజు సచ్చిపోతే నాకేటి లాబం? ఉంచండి."

"ఇంకా పాకుతుందమ్మా. మెడకి, మొహానికి కూడా రావచ్చు. వేడి తెలియక ఒళ్ళు కాల్చుకుంటారు. చూసినవాళ్ళు ఏమనుకుంటారో మీకు నేను చెప్పక్కర్లేదు."

అత్తగారు చిక్కుడుకాయల చేట పక్కన పెట్టి లేచింది. "ఏటనుకుంటారు? నాను ఎదురైతే సెడనుకున్నారు, నోరిప్పితే అపశకునం అనుకున్నారు. కన్నకొడుక్కి సిటికెడు పసుపు పెట్టనివ్వనేదు. ఇరవయ్యేళ్ళై ఇదే సేతిని కొంగులో పెట్టుకు తిరిగాను. ఇప్పుడు కొండమీద ఏలమంది పేణాలు ఈ సేతిలో ఉన్నాయంటన్నారు నా పిల్లలు. తీసేస్తాననడానికి మీరెవులు?"

"అమ్మా, నేను మీ మంచికే..."

"నా మంచి సూసినోళ్ళు శానామంది ఉన్నారు తల్లీ. ఇంక నాను సూసుకుంటాను."

ఇందుమతి గారు మమ్మల్నిద్దర్నీ బయటికి పొమ్మన్నారు. కొడుకూ కోడలూ ఎదురుగా ఉంటే అది ఒప్పుకోలు కాదన్నారు. మేం కాఫీ మొక్కల మధ్య నిలబడ్డాం. లోపలినుంచి మాటలు వినిపించలేదు గానీ, ఎవరి గొంతు ఎక్కువగా వినిపిస్తోందో మాత్రం తెలుస్తోంది. రాజు నా కుడిచెయ్యి పట్టుకుని వదల్లేదు. వెచ్చగా ఉంది. ఇంకెన్నాళ్ళు తెలుస్తుందో అనుకున్నాను.

చివరికి తలుపు తీసుకుని ఇందుమతి గారు బయటికొచ్చారు. కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. మందు గొట్టం చేతిలో లేదు.

"ఎన్ని భయాలు పెట్టాలో అన్నీ పెట్టాను," అన్నారు. "మందు గొట్టం ఆవిడ పొయ్యిలో పడేశారు. కొబ్బరిబొండాలు తెప్పించండి."

*

వ్యవధి లేదు. ఒక్కో చెయ్యి చాలదు. అత్తగారి ముంజేతి నుంచి నా రెండు చేతులకీ, భుజాలకీ, మెడకీ, అక్కణ్ణుంచి రాజుకీ. ఎదురెదురుగా కూర్చుని చేతికి చెయ్యి ఆనించుకుంటే చిన్నప్పటి ఆటేదో ఆడుతున్నట్టుండేది. అత్తగారు మధ్యలో, "కదలకే, గుంటా! బూజు నలిగిపోద్ది" అని కసిరేది.

మెడకి బూజు అంటాక పసుపుతాడు ఉంచుకోకూడదు. తీసి, సూత్రాలు నల్లపూసల్లోకి మార్చుకున్నాను. మా అమ్మ వీడియో ఫోన్లో చూసి గుండె బాదుకుంది.

"పదహారు రోజుల పండగన్నా కాలేదు! తాడు తీసేస్తావా? మీ అత్తగారు ఊరుకుందా?"

"తాడు తీయలేదమ్మా, పసుపు తీశాను. మా అత్తగారే కుచ్చింది."

"ఆవిడా? ఆవిడ చేత్తోనా?" అంది అమ్మ.

"ఆవిడ చేత్తోనే. ఇంకెవరి చేత్తోనూ కుచ్చించుకోను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అమ్మ మూడు రోజులు ఫోన్ చెయ్యలేదు. తర్వాత చేసి, మొహానికి కూడా వస్తుందా అని మాత్రం అడిగింది. రావచ్చన్నాను. ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అయినా కడుక్కోలేదు.

నెలాఖరుకి నా ఒంటిమీద వెచ్చదనం తెలిసే చోట్లు బాగా తగ్గిపోయాయి. రాజు ఇప్పుడు నా నుదుటి మీద చెయ్యి పెట్టి పలకరిస్తాడు. జ్వరం చూసినట్టుంటుంది. కొత్త పెళ్ళికూతురికి రోజూ జ్వరమా అని అత్తగారు ఎకసెక్కం.

చలి ముదిరిన ఒక పొద్దున ముగ్గురం గుహలోకి వెళ్ళాం. ముగ్గురి చేతులూ కడిగిన కొబ్బరినీళ్ళు, కాఫీ మొక్కలకి మందుకొట్టే పంపులో. అత్తగారు చీర గోచీలా బిగించి, నెత్తిన దీపం పెట్టుకుని ముందు నడిచింది. పైన గబ్బిలాలు ద్రాక్షగుత్తుల్లా నిశ్శబ్దంగా వేలాడుతున్నాయి. కొన్ని ముక్కుల మీద అప్పుడే తెల్లగా మొదలైంది. రాజు పంపు కొట్టాడు. మంచులాంటి తుంపర పైకి లేచి వాటి రెక్కల మీద వాలింది. ఒకటి రెక్క విదిలించి, మళ్ళీ ముడుచుకుని నిద్రపోయింది.

"పడుకోండి నాన్నా, పడుకోండి" అంది అత్తగారు మెల్లగా.

తర్వాత ఎదురుచూడటమే. మేం గుహ వంక పోలేదు, నిద్ర చెడగొట్టకూడదు. మచ్చ నా గడ్డం మీదికి ఎక్కింది. అరకు సంతలో ఒకావిడ నా నుంచి టమాటాలు పక్కకి లాక్కుంది. నేను కొనేవరకూ అక్కడే నిలబడ్డాను.

మాఘం వెళ్ళి, ఎండ కాస్త చురుక్కుమన్నాక, ఒక సాయంత్రం నలుగురం గుహ ముందు కూర్చున్నాం. ఇందుమతి గారు కూడా వచ్చారు. వెలుగు తగ్గింది. ఏమీ రాలేదు. రాజు గోళ్ళు కొరుక్కుంటున్నాడు. అప్పుడు ఒకటి వచ్చింది. దాని వెనక మరొకటి. ఆ తర్వాత గుహ నోరు తెరిచి ఊదినట్టు నల్లటి పొగలాగా, చప్పుడు చేసుకుంటూ, మా నెత్తిమీంచి లోయలోకి పోతూనే ఉన్నాయి. రాజు చిన్నపిల్లాడిలా గెంతాడు. నేనూ గెంతాను. అత్తగారు కూర్చునే చప్పట్లు కొట్టింది.

ఇందుమతి గారు కళ్ళు తుడుచుకుని, కాసేపటికి అసలు మాట చెప్పారు. కొండల అవతల, ఒడిశా వైపు, ఇంకో పెద్ద గుహలో తెల్లముక్కు కనబడిందట. పైయేటికి అక్కడా పిచికారీ చెయ్యాలి. "మీ ముగ్గురి చర్మం సరిపోదు. చాలామంది కావాలి. ఒంటికి పసుపు తగలని ఇంతమందిని మనదగ్గర ఎక్కడని వెతకను?"

అత్తగారు ఆవిడ వంక చూసింది. ముందు నవ్వింది, తర్వాత నవ్వలేదు.

"ఎతకడమేటి తల్లీ? మీరందరూ కలిసే గదా తయారుసేసి మూల కూకోబెట్టారు. ఒక్క మా వీదిలోనే ఇంటికొకత్తుంది నాలాటిది."

"ఒక్కొక్కరికీ అన్నీ విడమరిచి చెప్పాలి. మచ్చ సంగతి, వేడి సంగతి. వద్దన్నవాళ్ళని వదిలెయ్యాలి."

"సెప్పండి. ఆళ్ళూ మిమ్మల్ని అడగడానికి శానా ఉన్నాయి." ఆవిడ చీర దులుపుకుని లేచింది. "బస్సు అంపండి. సిన్నది కాదు, పెద్దదే అంపండి."